ఆది

శ్రీరాంపురం మెట్రో స్తంభాల కింద
మిట్ట మొదలయ్యే చోట
కుడిచేతి గేరు మీట టప్పున విరిగింది.
కేబులు వదిలేస్తే గొలుసు ఎటు పోతుందో తెలుసా?
చిన్న చక్రం మీదకి.
అంటే అన్నిటికంటే బరువైన గేరుకి.
వెనక బుట్టలో పద్నాలుగు జాకెట్లు,
సాయంత్రం రిసెప్షను వాళ్లవి.
దిగి తోసుకుంటూ పోయాను.

పాత సైకిలే.
కొన్నది కూడా కాదు,
ఎంతకీ తేలని ఒక ఎంబ్రాయిడరీ బాకీ కింద
రొజారియో గారి చిన్నమ్మాయి వదిలేసి వెళ్లింది.
ముందు మూడు, వెనక ఏడు.
పన్నెండేళ్లుగా దాని పళ్లకీ నా మోకాళ్లకీ
ఒక ఒప్పందం.

ఇందిరానగర్ షోరూములో ఏసీ చల్లగా ఉంది.
కుర్రాడు విరిగిన మీటని రెండు వేళ్లతో పట్టుకుని
"ఏడుది ఇప్పుడు రాదు మేడమ్,
అన్నీ పది, పదకొండే" అన్నాడు.
కొత్త సైకిలు ధర చూపించాడు.
నేను దాని సీటు కుట్టు చూశాను.
దారం మంచిదే. కుట్టు వదులు.

ఎనిమిది గేర్లది ఒకటి సిటీ మార్కెట్ వెనక దొరికింది.
ఒక టక్కు ఎక్కువైతే ఏం, వాడకుండా వదిలేస్తా అనుకున్నాను.
మొదటి మెట్టు సరే. రెండోది సరే.
మూడోదాంట్లో గొలుసు గొణిగింది.
ఐదోదాంట్లో రెండు చక్రాల మధ్య నిలబడి
ఎటూ తేల్చుకోలేక కరకరలాడింది.

నాకు తెలిసిన తప్పే అది.
ఉక్సుకీ ఉక్సుకీ మధ్య గింజంత తేడా
పైన కనబడదు,
ఒక్కో గింజా పోగై
ఆఖరి ఉక్సు దగ్గర గుడ్డ నోరు తెరుస్తుంది.

కొత్తవాళ్లెవరైనా కుట్టించుకోను వస్తే
ఆది జాకెట్టు తెమ్మంటాను.
టేపు పెట్టగానే ఊపిరి బిగబడతారు మనుషులు.
పాత జాకెట్టుకి ఆ సిగ్గు లేదు,
ఉన్నది ఉన్నట్టు చెబుతుంది.
అందుకని ఆదివారం
విరిగిన మీటని లైనింగు ముక్కలో చుట్టుకుని
ఎస్‌జేపీ రోడ్డు సంతకి పోయాను.

మునిశామప్ప పట్టా మీద
మిక్సీ మూతలు, ఫ్యాను రెగ్యులేటర్లు,
జత లేని స్కేటింగు బూటు,
ఎక్కడెక్కడి సైకిళ్లవో బ్రేకు చేతులు.
కోలారు తెలుగు ఆయనది.
"ఎన్ని గేర్లమ్మా?"
"ఏడు."
"చక్రానికీ చక్రానికీ నడాన ఎంత ఎడముండాది?"
ఇన్ని రోజుల్లో ఆ మాట అడిగినవాడు ఆయనొక్కడే.

పట్టా అంచున తడుముతూ తడుముతూ
బొటనవేలంత మీట ఒకటి తీశాడు.
అక్షరాలు అరిగిపోయిన అల్యూమినియం.
తోసి చూశాను.
నా వేలు టక్కు కోసం ఎదురుచూసింది,
రాలేదు.

"ఇది లెక్కపెట్టదమ్మా.
ఎంత లాగితే అంత.
ఏడైనా ఎనిమిదైనా దీనికేం పట్టదు."
"మరి గేరు పడిందని ఎట్లా తెలిసేది?"
"గొలుసు నోరు మూసుకుంటాది."

రెండొందలన్నాడు. నూట నలభై ఇచ్చి,
తెగిన ఆయన సంచి పట్టీ తెచ్చుకున్నాను,
వచ్చే ఆదివారానికి కుట్టి ఇస్తానని.

ఉక్సుల జాకెట్టు కాదిది,
వీపున ముడితాళ్లది.
ఒళ్లొచ్చినా, చిక్కినా
ముడి ఎక్కడ కావాలంటే అక్కడ పడుతుంది.
అలాగని గొప్ప చెప్పను.
స్క్రూ వదులై జారుతుంది,
వారానికోసారి బిగించాలి.
బస్సు పక్కకొస్తే గొలుసు సద్దు వినబడదు,
అప్పుడు అరికాలితో వినాలి.

నిన్న అదే మిట్ట.
కొంచెం ఎక్కువ లాగాను. కరకర.
వెనక్కి గింజంత.
ఇంకా గింజంత.
సద్దు ఆగింది.

విరిగిన మీట మిషను సొరుగులో
బాబిన్ల పక్కనే ఉంది.
మా ఆయన రెండుసార్లు పారేయబోయాడు.
ఆది పోతే
మళ్లీ ఎక్కణ్ణుంచి తెచ్చేది?